పుచ్చు లేని విత్తనం

జహీరాబాద్,
సంగారెడ్డి జిల్లా.

తెలంగాణ విద్యా కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు



జహీరాబాద్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి దిగిపోయిన మాస్టర్ని నేను. బడి ఉన్న ఊరి పేరు రాయడం లేదు. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. 2024లో మీ కమిషన్ ఏర్పడిందనీ, చిన్నపిల్లల బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా చదువు ఎట్లా ఉండాలో ప్రభుత్వానికి సలహా చెప్పే పని మీకు అప్పగించారనీ పేపర్లో చదివిన రోజే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రెండుసార్లు రాసి చించేశాను. మొదటిదాంట్లో జీతాలూ ఖాళీ పోస్టులూ వచ్చాయి, అవి మీకు చాలామంది చెప్పే ఉంటారు. రెండోదాంట్లో ఉపన్యాసం వచ్చింది. ఇది మూడోది. దీంట్లో ఒక ప్రశ్న, అర మార్కు, ఒక ముసలమ్మ ఉన్నారు.

అది జూలై నెల. బడి తెరిచినప్పటి నుంచి మూడు వారాలు రాని ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ రోజు వచ్చింది. మా దిక్కు ఇది మామూలే. తొలకరి పడిందంటే బెంచీలు ఖాళీ అవుతాయి. ఆడపిల్లలవి ముందు. ఎందుకు రాలేదని అడగడం నా ఉద్యోగం, అడిగాను. విత్తనాలు పెట్టడానికి పోయిన సార్ అంది. నాకు కోపమో ఎగతాళో, రెండూ కలిసో వచ్చి, విత్తనాలు పెట్టి వచ్చినవు గదా, విత్తనం మొలకెత్తాలంటే ఏమేం కావాలో చెప్పు అన్నాను. నీళ్లు, గాలి, వెచ్చదనం అని గడగడా చెప్పింది. బాగుంది, కూర్చో అనబోతుంటే ఇంకోటి కలిపింది. "పుచ్చు లేని ఇత్తనం గూడ గావాలె సార్."

క్లాసు నవ్వింది. నేను ముందు నవ్వాను కాబట్టి నవ్వింది. తర్వాత యూనిట్ పరీక్షలో అదే ప్రశ్న ఇస్తే ఆ పిల్ల అవే నాలుగు రాసింది. నాలుగో దాని మీద ఎర్ర గీత కొట్టి, అర మార్కు తీసేసి, పక్కన "పాఠం చూడు" అని రాశాను.

రెండు రోజులకు వాళ్ల అవ్వ వచ్చింది. కొట్లాటకని అనుకున్నాను. స్టాఫ్ రూము గడప బయటే నిలబడింది. రమ్మంటే చెప్పులు విడిచి వచ్చింది, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "సారూ, నా మనుమరాలు ఇంట్ల నా తోని మాట్లాడ్త లేదు. ఇత్తనం సంగతి నేను జెప్పింది తప్పంట, క్లాసుల అందరు నవ్విన్రంట. నాకు సదువు రాదు. తప్పయితే నాకు జెప్పు, నేను నేర్సుకుంట."

కొంగు ముడి విప్పి గుప్పెడు అనుములు టేబుల్ మీద పోసింది. వీటిల ఏది మొలుస్తదో, ఏది మొల్వదో చూపియ్యమంది. నేను ఎమ్మెస్సీ బోటనీ. మోనోకాట్, డైకాట్, ప్లూమ్యూల్, రాడికల్ అన్నీ వచ్చు. ఆ గింజల ముందు నాకేమీ రాదు. ఆమె ఒక్కో గింజనూ వేళ్ల మధ్య తిప్పి, కన్ను దగ్గర చూసి, రెండిటిని పంటి కింద పెట్టి చప్పుడు విని, అయిదు నిమిషాల్లో మూడు కుప్పలు చేసింది. ఇవి విత్తనానికి, ఇవి పప్పుకు, ఇవి కోళ్లకు.

ఆ అర మార్కు తర్వాత కలిపాను. ఆ పిల్లకు కలిపిన మార్కు కన్నా తీసేసిన మార్కే గుర్తుంటుందని నాకు తెలుసు.

మన భాషలో ఈ పనికి మూడు మాటలున్నాయి. మాస్టర్ చదువు చెప్తాడు. తల్లిదండ్రులు చదివిస్తారు, అంటే ఫీజు కట్టి, బస్సు ఎక్కించి, పుస్తకాలు కొంటారు. పిల్లలు చదువుకుంటారు. మూడో మాటలో ఆ 'కొను' ఉంది చూశారూ, వండుకోవడం, తెలుసుకోవడం, దాచుకోవడంలో ఉన్నదే, తనకోసం తానే చేసేది. నేను మొదటి మాట మీద జీతం తీసుకున్నాను. బడ్జెట్లూ పథకాలూ రెండో మాట చుట్టూ తిరుగుతాయి. మూడోదాన్ని చూడమని నన్నెవరూ అడగలేదు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లూ అడగలేదు. అన్నట్టు, 'బుద్ధి చెప్తా', 'పాఠం చెప్తా' అనే మాటలు మన భాషలో బెదిరింపులు ఎట్లా అయ్యాయో మీలో భాషా పండితులెవరైనా ఉంటే ఆలోచించండి.

జనాభా లెక్కల్లో అక్షరాస్యతకు ఒక నిర్వచనం ఉంది. ఏడేళ్లు, ఆ పైన వయసున్న మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుని చదవగలగాలి, రాయగలగాలి. 2011లో మన తెలంగాణ ప్రాంతం మొత్తంలో అది 66 శాతం చిల్లర. నేనూ ఆ లెక్కలకు ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను. ఆ అవ్వ ఇంటి ముందు నిలబడి ఆమె పేరు దగ్గర నిరక్షరాస్యురాలు అని నింపింది ఈ చెయ్యే. లెక్క తప్పని అనడం లేదు. అక్షరం రాకపోవడం పెద్ద నష్టం, దాన్ని చిన్నది చేసి మాట్లాడేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. కాని ఆ ఇంట్లో చూరు కింద పేడా మట్టీ మెత్తిన బుట్టల్లో, బూడిదా వేపాకూ కలిపి దాచిన ఇరవై రకాల విత్తనాల గురించి నింపడానికి నా ఫారంలో గడి లేదు.

జహీరాబాద్ నేల మీరు చూసే ఉంటారు. హైవే మీద బీదర్, ముంబై దిక్కు పోతుంటే ఒక పక్క ఎర్ర చెల్క, ఇంకో పక్క నల్లరేగడి. అల్లం, ఆలుగడ్డ, చెరకు బయటివాళ్లకు తెలిసిన పంటలు. లోపలి ఊళ్లలో, ముఖ్యంగా దళిత ఆడవాళ్ల ఎకరం, రెండెకరాల చెలకల్లో ఇంకో వ్యవసాయం ఉంది. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర, అనుము, బొబ్బర, నువ్వులు, పుంటికూర, ఒకే చేనులో పది పన్నెండు. వానలు పోయాక నల్లరేగడిలో వేసే జొన్న, శనగ, కుసుమలను వాళ్లు సత్యం పంటలంటారు. నీళ్లు పెట్టరు. మంచూ నేలలో మిగిలిన తేమా చాలు. మాట తప్పని పంటలన్నమాట.

నేను రైజోబియం పాఠం ముప్పై ఒక్కసార్లు చెప్పాను. పప్పుజాతి మొక్కల వేర్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకూ నేలకూ ఇస్తుంది. ప్రతిసారీ బోర్డు మీద బఠాణీ మొక్క బొమ్మ వేశాను. బడి ప్రహరీ అవతల కంది చేను. ఒక్కసారి కూడా ఒక మొక్కను పెరికి తెచ్చి ఆ బుడిపెలు చూపించలేదు. జొన్న సాళ్ల మధ్య కంది ఎందుకు వేస్తరమ్మా అని ఒక్క పిల్లనూ అడగలేదు. అడిగితే క్లాసులో సగంమంది చెప్పేవాళ్లు.

నేను చేయని ఈ పనిని ఇంకో దిక్కు నుంచి మొదలుపెట్టినవాళ్లు మా పక్కనే ఉన్నారు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ దానికి ముఖ్యుడు. ఆయనది మైసూరు, చేసిన పని మాది. సుమారు 75 ఊళ్లలో ఆడవాళ్ల సంగాలు, సుమారు అయిదు వేల మంది, ఎక్కువగా దళితులు. చాలామందికి అక్షరం రాదు. ఆ సంగాలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల బహుమతుల కన్నా మీకు చెప్పాలనుకున్నది వాళ్లు కెమెరా నేర్చుకున్న తీరు.

1990ల చివరి ఏళ్లలో కొంతమంది సంగం ఆడవాళ్లకు వీడియో కెమెరా నేర్పడం మొదలుపెట్టారు. కూలికి పోయే చేతులు. అక్షరాలు రావు, కెమెరా మీది మీటలన్నీ ఇంగ్లిష్. ఇట్లాంటి శిక్షణకు నాలాంటి మాస్టర్ని పిలిస్తే లో యాంగిల్, హై యాంగిల్, ఐ లెవెల్ అని బోర్డు మీద రాసి, మూడుసార్లు చదివించి, మరునాడు పరీక్ష పెట్టేవాణ్ని. వాళ్లు కెమెరా ఎక్కడ పెడితే ఏం కనిపిస్తుందో చూసి, తమ బతుకులో ఆ చూపు ఎవరిదో ఆ పేరు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాటు. దొర అరుగు మీద నిలబడి కిందున్న కూలీలను చూస్తే అట్లాగే ఉంటుంది. కిందినుంచి తలెత్తి చూసేది జీతగాని చూపు. ఎదురెదురుగా, కన్నుకు కన్ను సమంగా పెట్టేది సంగం షాటు. సంగంలో అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు గదా, అందుకని. తమ సినిమాల్లో మనుషులను సంగం షాటులో చూపించడమే వాళ్లకు ఇష్టం. ఇట్లా నేర్చుకున్నవాళ్లే తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడి, వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు మండిపడుతున్నారో చూపిస్తూ సినిమా తీశారు. సినిమా విద్యలో ఒక సాంకేతిక పదాన్ని ఇంతకన్నా లోతుగా వివరించిన పాఠ్యపుస్తకం ఉంటే నాకు పంపండి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పటేల్ షాటు తీశానని ఈ పేర్లు విన్న రోజు అర్థమైంది. ప్లాట్‌ఫారం అని ఒకటి ఉంటుంది క్లాసులో, అర అడుగు ఎత్తు. దాన్ని ఏ ఇంజనీరు కనిపెట్టాడో.

రేడియో కథ ఇంకా ఉంది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో సంగం ఆడవాళ్ల రేడియో స్టేషన్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మా ఆడవాళ్లకు స్టూడియో కట్టుకుని, టేపులు రికార్డు చేసుకుని, వాటిని సంగాల్లో వినిపించుకుంటూ ఏళ్లపాటు కూర్చోవలసి వచ్చింది. గాలిలో మాట్లాడే అనుమతి లేదు. యూనివర్సిటీలకు ముందు ఇచ్చారు, చదువుకున్నవాళ్లు గదా. 2006లో విధానం మారి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం వచ్చాక, 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్ మీద మోగింది. దేశంలో విద్యాసంస్థల చేతిలో కాకుండా సమాజం చేతిలో మొదలైన మొదటి కమ్యూనిటీ రేడియో ఇదే అంటారు. నడిపిన జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఇద్దరూ ఈ ఊళ్ల ఆడబిడ్డలే. సాయంత్రం పూట మా ఇంట్లో పట్టేది. విత్తనాలు, పాటలు, పశువుల జబ్బులు, మన యాసలో. నా భార్య వినేది, నేను ఆ పక్క గదిలో పేపర్లు దిద్దుకునేవాణ్ని.

అదే మాచ్‌నూర్‌లో 1993లో పచ్చసాలె అని ఒక బడి పెట్టారు. బడిని సాలె అనడం ఇక్కడ సహజం, కన్నడం గాలి. బడి మానేసిన పిల్లలు, జీతానికి ఉన్న పిల్లలు, ఎక్కువగా దళితుల పిల్లలు. పదో తరగతి దాకా సర్కారు పాఠాలు చెప్తూనే వడ్రంగం, కుండలు చేయడం, కుట్టుపని, తాపీపని, మందు మొక్కలు, వ్యవసాయం నేర్పారు. నేనూ నా తోటి మాస్టర్లూ అప్పట్లో దాన్ని చూసి నవ్వుకున్నాం. పుస్తకాలు పట్టుకునే ఈడులో బాడిస పట్టిస్తున్నారు, వీళ్ల పిల్లలైతే పట్టిస్తారా అనుకున్నాం.

ఆ నవ్వు పూర్తిగా తప్పని ఇప్పుడు కూడా చెప్పను. ఎందుకంటే పనినీ చదువునూ కలుపుతామన్న ప్రతిసారీ ఈ దేశంలో కింది కులాల పిల్లలు భయపడటానికి కారణం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చారు. పిల్లలు ఒక పూటే బడికి రావాలి, తక్కిన పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. కులవృత్తి చదువు అని జనం తిరగబడ్డారు. చాకలి కొడుకు చాకలిగానే, మంగలి కొడుకు మంగలిగానే ఉండాలనా అని అడిగారు. మరుసటి ఏడు రాజాజీ దిగిపోయారు, పథకమూ పోయింది. పోవడమే మంచిదైంది. అంతకు ముందు 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీమ్ అన్నప్పుడు ఆ ప్రణాళిక రాసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. దాని మీదా ఇదే అనుమానం వచ్చింది, పిల్లలతో పని చేయించి బడి ఖర్చు రాబడతారా అని.

మన దగ్గరే దీనికి పూర్తిగా ఎదురు వాదం బలంగా నిలబడింది. రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, బడిలో లేని పిల్లలందరూ బాలకార్మికులే అంది. పొద్దంతా బడి, పని పేరెత్తొద్దు. క్యాంపులు పెట్టి, పొలాల నుంచి, జీతాల నుంచి పిల్లలను విడిపించి బడిలో కూర్చోబెట్టారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం వెనుక అట్లాంటి వాదాల బలం ఉంది. మీరు నన్ను అడిగితే, జీతగాని కొడుకు విషయంలో శాంతా సిన్హా గారిదే కరెక్టు. ముందు ఆ బిడ్డ బడికి రావాలి. పశువుల వెంట నేర్చుకుంటాడులే అనే మాట పటేలు నోట్లోంచి చాలాసార్లు విన్నాను.

ఆ అవ్వది కూడా శాంతా సిన్హా గారి మాటే. ఒకసారి అన్నాను, నీకు తెలిసినవి మనుమరాలికి నేర్పు అని. నా ముఖంలోకి చూసి, "నా లెక్క బతుకొద్దని గదా సారు నీ కాడికి పంపిన" అంది. ఆమెకు కావాల్సింది ఆ పిల్ల నర్సో టీచరో కావడం, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో అల్లుడు దొరకడం. ఇప్పుడు ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో పారిశ్రామిక మండలికని పన్నెండు వేల పైచిలుకు ఎకరాల మాట నడుస్తోంది. చేనే ఉండదేమో అనుకునే ఇంట్లో చేను చదువు గురించి ఎవరు వింటారు? నేను మటుకు? నా కొడుకును ఎనిమిదో తరగతిలోనే హైదరాబాద్ హాస్టల్లో వేశాను. వాడిప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. వాడికి అనుములు చూపిస్తే ఏమిటి నాన్నా ఇవి అంటాడు. ఇదంతా దాచి ఆడవాళ్ల విత్తనాల గురించి మీకు సుద్దులు చెప్తే నేను పెద్ద మోసగాణ్ని.

అందుకే నేను అడిగేది వృత్తి శిక్షణ కాదు. ఆ పిల్లను రైతును చేయమనీ అనను. ఆమె డాక్టరు కానీ, డల్లాస్ పోనీ. బడి నుంచి ఇంటికి పోయిన పిల్ల సాయంత్రం వాళ్ల అవ్వతో మాట్లాడాలి. నేను విరిచింది ఆ మాటను. ఎనిమిదో తరగతి పాఠం ఒకటి చెప్పి, ఒక ఇంట్లో రెండు రోజులు మాటలు లేకుండా చేశాను. అట్లాంటి పాఠాలు ఎన్ని చెప్పానో లెక్క లేదు. ఆ ఇళ్ల నుంచి అవ్వలు రాలేదు కాబట్టి నాకు తెలియలేదు.

ఇది చిన్న చిన్న మాటల్లో జరుగుతుంది. 2023లో బడుల్లో రాగిజావ పెట్టారు. మంచి పని. మా పిల్లలు ఇంట్లో తైద అంబలి తాగుతారు. రెండూ ఒకటేనని క్లాసులో చెప్తే ఒక పిల్లవాడు ఒప్పుకోలేదు. రాగిజావ బలం సార్, తైద అంబలి పేదోళ్లు తాగుతరు అన్నాడు. ఎవరూ వాడికి ఆ పాఠం చెప్పలేదు, వాడే చదువుకున్నాడు. సర్కారు కాగితాల్లో ఈ గింజలు ఏళ్ల తరబడి ముతక ధాన్యాలు. 2018లో పోషక ధాన్యాలయ్యాయి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరమంది. అదే ఏడు మార్చిలో సతీష్ గారు పోయారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక, నా ఉద్యోగం పొడుగునా, జొన్నరొట్టె టిఫిన్ డబ్బాలో తెచ్చినందుకు మూత చాటున తిన్న పిల్లలను నేను చూశాను. పేరు మారింది, గింజ మారలేదు. వాళ్లకు సిగ్గు నేర్పినదాంట్లో నా వాటా ఉంది.

భాష సంగతి కూడా. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోది. మా పిల్లల నోట తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో వస్తాయి, తండాల పిల్లలకు లంబాడీ అదనం. దాన్ని దిద్దడమే తెలుగు చెప్పడమని అనుకునేవాళ్లం. దీని మీద వేరే ఉత్తరం రాయాలి, ఇక్కడ ఆపుతున్నాను.

ఇక అసలు పని. 2020 జాతీయ విద్యావిధానంలో ఒక వాక్యం ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు ప్రతి విద్యార్థికీ పది రోజులు బ్యాగు లేని రోజులుండాలి, ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల్లాంటి స్థానికుల దగ్గర నేర్చుకోవాలి. ఆ విధానంలో తక్కినవాటితో మీకు పేచీలున్నాయేమో, నాకూ కొన్ని ఉన్నాయి. ఈ పది రోజులు మటుకు పట్టుకోండి. జహీరాబాద్ లాంటి చోట విత్తనం దాచే ఆడవాళ్ల దగ్గర పిల్లలు కూర్చోవాలి. ఫోటో దిగి పోయే పద్ధతిలో కాదు. సంక్రాంతికి మొదలై నెల రోజులు ఊరూరూ తిరిగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల పక్కన నిలబడి ఫోటోలు దిగే బడులున్నాయి, చూశాను. ఆమె చెప్పింది పిల్లలు రాసుకోవాలి, ఆమెను ప్రశ్నలడగాలి, దాని మీద పరీక్షలో ప్రశ్న రావాలి, ఆమెకు డబ్బు ఇవ్వాలి. కులం చూడకుండా పటేలు కొడుకూ అదే చాప మీద కూర్చోవాలి. 1953 పథకంలో ఎవరి పిల్లలు వాళ్ల తండ్రి పనే నేర్చుకోవాలి. నేనడిగేది దానికి తలకిందులు.

ఇది ఊహించి చెప్పడం లేదు. ఉద్యోగం ఆఖరి ఏడు ఆ అవ్వను ఒక పూట క్లాసుకు పిలిచాను. ఆమెకు మూడు వందలు ఇప్పిద్దామని కాగితం పెట్టాను. ఫారంలో పేరు, ఊరు, బ్యాంకు ఖాతా, ఆ తర్వాత విద్యార్హత. ఏం రాయాలో తోచక "లేదు" అని రాశాను. వారానికి కాగితం తిరిగొచ్చింది. అర్హత లేని వ్యక్తికి గౌరవ వేతనం కుదరదు అని పెన్సిల్‌తో రాసి ఉంది. రాసిన గుమాస్తాది తప్పు కాదు, ఆ గడిలో "లేదు" రాసింది నేను. మీరు కొత్త ఫారాలు తయారు చేయించేటప్పుడు ఆ గడిలో ఏం రాయాలో ఒక మాట చెప్పించండి. నాకు ఇప్పటికీ తెలియలేదు.

డబ్బులు నా జేబులోంచి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంకొకటి అడిగింది. "గా పాఠంల ఏమున్నదో సదివి ఇనిపియ్యు సారు." వేప చెట్టు కింద, ఈసారి ఇద్దరం గట్టు మీదే కూర్చుని, మొలకెత్తడం పాఠం మొత్తం చదివాను. తలాడిస్తూ విన్నది. నీళ్లు దగ్గర ఆపింది. నీళ్లు ఎక్కువైతే గింజ కుళ్లుతది, గది రాయలేదేంది అంది. రాసి ఉందవ్వా, ఆ 'గాలి' అన్నది అదేనని చెప్పాను. నేలలో సందుల్లో గాలి ఉంటుంది, నీళ్లు నిలిస్తే ఆ గాలి పోతుంది, గింజకు ఊపిరాడదు, చచ్చి కుళ్లుతుంది.

చాలాసేపు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న అనుము గింజను అటూ ఇటూ తిప్పింది.

"గింజకు గూడ ఊపిరి గావాల్నా," అంది. "డెబ్బై ఏండ్ల సంది ఇత్తనాలు పెట్టబడ్తి. గీ ముచ్చట నాకు ఎవ్వలు జెప్పలె సారు."

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ మాస్టర్